రెండు పొట్టేళ్ల మంచం

"పడుకుని చూడండమ్మా, సిగ్గెందుకు? పడుకోకుండా మంచం సంగతి ఎలా తెలుస్తుంది?" అని సువర్ణ మూడోసారి అనేసరికి యాదమ్మకు ఇక తప్పలేదు. చెప్పులు విప్పి కిందికి తోసి, కుచ్చిళ్లు సర్దుకుని, ముందు మోచేయి ఆనించి, తర్వాత నడుము వాల్చి, ఆఖరికి తల కూడా వాల్చింది. పైన ఫ్యాను తిరుగుతోంది. కోదాడలో, ఖమ్మం క్రాస్ రోడ్డు పక్కన, పట్టపగలు పదకొండు గంటలకు, అద్దాల తలుపు వెనక, యాభైకి దగ్గరపడ్డ మనిషి డబుల్ కాట్ ఎక్కి వెల్లకిలా పడుకుంది, ఇంతకన్నా విడ్డూరం ఉంటుందా. నడిగూడెం వాళ్లెవరన్నా బస్సులోంచి చూస్తే సాయంత్రానికల్లా ఊరంతా పాకుతుంది, గొర్లోళ్ల యాదమ్మ కోదాడ బజార్ల పండుకున్నదట అని. చూడనీ. నడుముకు మాత్రం హాయిగా ఉంది. ఉన్నమాట అనుకోవాలి కదా, చాలా హాయిగా ఉంది. సువర్ణ ఈ కొట్టు యజమానురాలు, ముప్పై అయిదేళ్లుంటాయేమో, మెడలో టేపు వేసుకుని చెవి మీద పెన్సిలు పెట్టుకుని తిరిగే మనిషి. ఎవరికో సోఫా చూపించాలని అటు వెళ్తూ వెళ్తూ, మీ ఆయన వచ్చేదాకా అలాగే పడుకోండమ్మా, ఎవరూ ఏమనరు అంది. ఆయన రావడానికి ఇంకా గంట పడుతుంది. పశువుల దవాఖానలో గొర్లకు నట్టల మందు తీసుకుని, అక్కడున్న డాక్టరుతో ఓ అరగంట ముచ్చట పెట్టి, అప్పుడు బండెక్కుతాడు. పైగా ఆయన వస్తున్నది బీరువా చూడటానికి. మంచం అని యాదమ్మ ఆయనకు చెప్పనే లేదు.

ఆయనకు చెప్పలేదు, సువర్ణకూ చెప్పలేదు. సువర్ణకు చెప్పింది వేరే అబద్ధం. పొద్దున బస్సులో నడిగూడెం నుంచి కోదాడ దాకా మనసులోనే వల్లె వేసుకుంది, ఇవ్వాళ నిజం చెప్పాలె, నాకూ మా ఆయనకూ మంచం కావాలె అని గట్టిగ చెప్పాలె, తప్పేమున్నది, దొంగతనమా. మెట్లెక్కేదాకా ఆ మాట నోట్లోనే ఉంది. "పెళ్లికా అమ్మా?" అని సువర్ణ నవ్వుతూ అడిగిందో లేదో, "ఆ" అనేసింది నోరు. "ఎవరిదండీ?" "మా ఇంట్లనే." మా ఇంట్లనే అన్నది అబద్ధమెలా అవుతుంది అని అప్పటినుంచి తనకు తాను సర్దిచెప్పుకుంటూనే ఉంది. మరేం చేయాలి. వాళ్ల ఊళ్లల్లో డబుల్ కాట్ అంటే పెళ్లికి వచ్చేది, ట్రాలీ ఆటో మీద బీరువాతోనూ కవరు విప్పని పరుపుతోనూ కలిసి ఊరంతా చూస్తుండగా దిగేది. మంచం మనిషి బతుకులోకి ఒక్కసారే వస్తుంది, అదీ ఇరవై ఏళ్ల వయసులో వస్తుంది. కోడల్ని తెచ్చుకుని, బిడ్డను పంపించి, మనవణ్ణి ఎత్తుకున్న ఆడది పోయి నాకో డబుల్ కాట్ ఇయ్యిండ్రి అంటే, ఈ వయసుల ఈమెకేం పుట్టింది అని నోటితో అనకపోయినా కళ్లతో అంటారు. ఆ కళ్లకే భయం యాదమ్మకు. కుమ్మడానికి వచ్చిన పొట్టేలును కొమ్ములు పట్టి ఆపిన మనిషి, కళ్లకు భయపడింది.

మొదటి అబద్ధం సూర్యాపేటలో ఆడింది. ఎవరి పెళ్లమ్మా అంటే కొడుకుది అంది, ఒక్కగానొక్క కొడుకు క్రాంతికి పెళ్లయి నాలుగేళ్లు, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, రెండేళ్ల పిల్లగాడు. సరే, అన్నదేదో అని ఊరుకోక, అడగ్గానే ఫోన్ నెంబరు కూడా ఇచ్చి వచ్చింది. ఆ షాపులో సేల్స్ చూసే సాయితేజ మహా శ్రద్ధ గల మనిషి, రోజు మార్చి రోజు ఫోన్ చేస్తాడు. ఒకరోజు యాదమ్మ పెరట్లో ఉంటే ఫోన్ కోడలు దీప ఎత్తింది. "అమ్మా, మీ క్రాంతి గారి పెళ్లి మంచం మీద ఆఫర్ వచ్చింది, ముహూర్తం ఖాయమైందా?" అన్నాడట వాడు. ఆనాడు మొదలు ఇంట్లో గిన్నెల మూతలు కిందపడటం. అన్నం పెడుతుంది గానీ మాట్లాడదు. మూడోనాడు పిల్లగాణ్ణి చంకనేసుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. "అత్తమ్మా, మీ కొడుక్కి ఇంకో పెండ్లి చేస్తున్నరా? చేసేదుంటే నాకు చెప్పి చేయిండ్రి" అంది, పెదవి వణుకుతోంది పాపం. యాదమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియక, తలుపు దగ్గరేసి, గొంతు తగ్గించి, ఎవరికో గొర్రెలు అమ్మిన రహస్యం చెప్పినట్టు అసలు సంగతి చెప్పింది. దీప గోడకు జారగిలబడి కూర్చుని, పిల్లగాణ్ణి ఒళ్లో పెట్టుకుని, కడుపు పట్టుకుని నవ్వింది, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "గీ ముచ్చట ముందే చెప్పొచ్చు గద అత్తమ్మా" అంది. మర్నాడే రెండో గదిలో ఉన్న బియ్యం బస్తాలు తనే వసారాలోకి లాగి, గోడలకు సున్నం వేసి, క్రాంతి ఎందుకని అడిగితే ఎలుకలొస్తున్నాయని చెప్పింది. కోడలు కూడా అబద్ధాలాడటం నేర్చింది, ఇంటి పుణ్యం.

రెండో అబద్ధం మిర్యాలగూడలో. బిడ్డ నవనీతను వేములపల్లిలో ఇచ్చారు, వరి కోతలప్పుడు చూసి వస్తూ మిర్యాలగూడలో దిగి, ఆ బిడ్డ కట్టిచ్చిన మురుకుల సంచి చేతిలో ఉండగానే, బిడ్డ పెండ్లికి మంచాలు సూపియ్యిండ్రి అంది. అక్కడ హంసలు చెక్కిన మంచం చూపించారు, తలవైపు రెండు హంసలు ముక్కూ ముక్కూ ఆనించుకుని, మధ్యన గులాబీ రంగు అద్దం. యాదమ్మకు నచ్చింది, దాచడమెందుకు, కానీ నాలుగు పొట్టేళ్లన్నాడు. వాడు రూపాయల్లోనే చెప్పాడు, యాదమ్మే లోపల పొట్టేళ్లలోకి మార్చుకుంది, ఆమె పద్ధతి ఎప్పుడూ అంతే. ఫ్రిజ్జు రెండు పొట్టేళ్లు, మనవడి పుట్టువెంట్రుకలు మూడు, టేకు మంచం ఆరు. మంచాన్ని చూడటం కూడా పొట్టేలును చూసినట్టే చూసింది. అంగడిలో తెలిసినవాడెవడూ బొచ్చు చూసి కొనడు, వెన్ను మీద చెయ్యేసి నొక్కుతాడు, నోరు తెరిచి పళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. హంసల మంచం వెన్ను నొక్కింది, మోకాళ్ల మీద కూర్చుని కిందికి తొంగి చూసింది, సొరుగు లాగింది. అంతా చెక్కపొడి అట్ట, పైన కాగితం అంటించి టేకు టేకు అంటున్నాడు. బొచ్చు బాగున్నది బిడ్డా, బొక్కలే లేవు అనేసి లేచి వచ్చింది. ఇంకోచోట ఇనుప మంచం చూసింది, ఒక్క పొట్టేలుకే వస్తుంది, గట్టిది కూడా, కానీ కూర్చోగానే కిర్రుమంది. పక్క గదిలో కొడుకూ కోడలూ ఉంటారు. మనిషి మెసిలితే చాలు ఇల్లంతా కిర్రుమంటే ఏం బాగుంటుంది. అట్లా అనుకున్నందుకు అక్కడే, ఆ ఇనుప మంచం మీదే, యాదమ్మకు చెవులు వేడెక్కాయి.

ఇప్పుడు పడుకున్నది వేపచెక్క మంచం. హంసల్లేవు, పువ్వుల్లేవు, తలవైపు సాదా పలక, దాని మీద జానెడు వెడల్పు చిన్న అర. టార్చిలైటు పెట్టుకోవచ్చు, బీడీకట్ట పెట్టుకోవచ్చు, బీడీలు వద్దులే, టార్చిలైటు చాలు. వెన్ను నొక్కితే గట్టిగా పలికింది, నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆనాయి, ఇటు దొర్లి అటు దొర్లినా చప్పుడు లేదు. సంచిలోంచి తాడు తీసి పడుకునే ముందే కొలిచింది కూడా. ఆ తాడుకు మూడు ముళ్లున్నాయి. మొదటి ముడి గోడ నుంచి కిటికీ దాకా, రెండో ముడి తలుపు తెరుచుకోవడానికి కావలసిన చోటు, మూడో ముడి ఆయన. ఆయన్ని కొలవడమే పెద్ద పని అయింది. ఎండపూట దొడ్డి దగ్గర వేపచెట్టు నీడన గొంగడి పరుచుకుని పడుకున్నప్పుడు, చప్పుడు చేయకుండా తల దగ్గర తాడు కొస పెట్టి, మడమల దాకా లాగి, ముడి వేయబోతుంటే ఒక కన్ను తెరిచాడు. "ఏందే, నన్ను పూడ్చెటి బొందకు కొలుస్తున్నవా?" "ఊకో, ఏం మాటలవి. కొత్త గొంగడికి కొలుస్తున్న." "గొంగడికి మనిషిని కొలుస్తరా? ఏ గొంగడైనా నా కాళ్లు బయటనే ఉంటయి" అని ఆ కన్ను మళ్లీ మూసేశాడు. నిజమే, ఆ మనిషి పొడుగు, ఎప్పుడు చూసినా కాళ్లు బయటే, దోమలకు అప్పజెప్పినట్టు. ఈ మంచం మీద మూడో ముడి తర్వాత కూడా నాలుగు వేళ్ల చోటు మిగిలింది. ఇంక ఆ కాళ్లు లోపలే ఉంటాయి. ఆ నాలుగు వేళ్ల చోటు చూసుకుని ఇందాక యాదమ్మకు ఎంత సంబరమైందో చెప్పలేం, సువర్ణ అక్కడ లేకపోతే చప్పట్లు కొట్టేదే.

ముడి అంటే గుర్తొచ్చేది ఆ ఇంకో ముడి. ముప్పై ఏళ్ల కిందట, పెళ్లయి అత్తగారింటి గుమ్మం ముందు నిలబడ్డప్పుడు, తన కొంగుకూ ఆయన కండువాకూ వేసిన ముడి. ఆడబిడ్డ త్రివేణి రెండు చేతులూ చాపి గడపకు అడ్డం నిలబడింది, పేర్లు చెప్తేనే లోపలికి అని. అందరి పెళ్లిళ్లలో ఉన్నదే, ఆయన తటపటాయించకుండా "యాదమ్మ" అన్నాడు, మంద వెనకాల అరిచి అరిచి అలవాటైన గొంతు కదా, మూడు వీధులకు వినబడింది, అందరూ ఘొల్లుమన్నారు. ఇప్పుడు నువ్వు చెప్పు వదినా అంది త్రివేణి. పద్దెనిమిదేళ్ల యాదమ్మ తల వంచుకుని, పారాణి కాళ్లు చూసుకుంటూ, నోట్లో తడి లేక పెదవులు తడుపుకుని, మొదటి అక్షరం నాలుక మీదికి తెచ్చుకుంది. సరిగ్గా అప్పుడు వీధి చివరి నుంచి ఎవరో కేక, గొర్లు పెసర చేన్ల పడ్డయో అని. కండువా భుజం మీంచి లాగి పారేసి ఉరికాడు ఆ మనిషి. నుదుటికి బాసికంతో, పసుపు బట్టలతో, ఎవరిదో కర్ర లాక్కుని ఆయన ఉరుకుతుంటే, వెనక సగం పెళ్లి కూడా ఉరికింది. యాదమ్మ గుమ్మం ముందు ఒక్కతే మిగిలింది, కొంగుకు కట్టిన కండువా నేల మీద పడి ఉంది. అత్త వచ్చి, నువ్వు లోపలికి రా బిడ్డా, వాడు ఇప్పుడప్పుడే రాడు అంది. కండువాను ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లింది. పేరు ఆనాడు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు, ఇగో అనేది, ఇన్నవా అనేది, క్రాంతి పుట్టాక క్రాంతి నాయనా అనేది. వదిన పేరు చెప్పలేదు, అందుకే మా అన్న లోపలికి రాలేదు అని త్రివేణి ఇప్పటికీ పండక్కి పబ్బానికి అంటుంది.

నవ్వులాటకు అన్నా అందులో అబద్ధం లేదు. పుట్టింటివాళ్లు నులక మంచం ఇచ్చారు, నాయనే కూర్చుని అల్లాడు, అంచుకు ఎర్ర రంగు నూలు పెట్టి మరీ అల్లాడు. మూడోనాడు వాన, ఒక గొర్రె రెండు పిల్లల్ని ఈనింది, దొడ్డంతా బురద, తడి నేల మీద పిల్లలు సచ్చిపోతయి అని ఆయన వచ్చి మంచం ఎత్తుకుపోయాడు. ఎర్ర అంచు మంచం మీద రెండు గొర్రెపిల్లలు, వాటి పక్కన ఈ పెళ్లికొడుకు. వాన తగ్గింది, పిల్లలు పెద్దవయ్యాయి, మంచం మాత్రం ఇంటికి రాలేదు, మంచంతో పాటు మనిషీ రాలేదు. దొంగలు, తోడేళ్లు, కుక్కలు, రోజుకొక భయం, గొర్లకాడ మనిషి ఉండాలె. ఎండాకాలం వస్తే మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు, మఠంపల్లి అవతలికి, రైతుల చేలల్లో ఎరువు కోసం మంద పెట్టుకుంటూ మూడు నెలలు. యాదమ్మ చాప మీద పడుకుంది, పిల్లలు రెండు పక్కలా పడుకున్నారు, ఆ పిల్లలెట్ల పుట్టిండ్రే వదినా అని త్రివేణి అడుగుతుంది, అడిగి తనే నవ్వుతుంది. మధ్యాహ్నం సద్ది పట్టుకుపోతే చెట్టు కింద కాసేపు కూర్చునేవాళ్లు. ఆయన మంచివాడు, తాగడు, కొట్టడు, సంతకు పోతే మల్లెపూలు తెస్తాడు, తెచ్చి గుమ్మంలోనే ఇచ్చి పోతాడు. ఆయన మీద యాదమ్మకు కోపం ఎప్పుడూ లేదు, బెంగ ఉంది, పక్కూళ్లో ఉన్నవాళ్ల మీద ఉండే బెంగ. సొంత మొగుడి మీద అదేం బెంగో.

పోయిన వానాకాలం జ్వరం వచ్చింది ఆయనకు. దవాఖానలో నర్సమ్మ పేషెంటు పేరేంటి అంటే క్రాంతి వాళ్ల నాయన అంది యాదమ్మ, అది కాదమ్మా పేరు అంటే సంచిలో వెతికి ఆధార్ కార్డు తీసి చూపించింది. నర్సమ్మ నవ్వి రాసుకుంది. జ్వరం తగ్గేదాకా ఇంట్లోనే ఉంచారు, క్రాంతి సెలవు పెట్టి దొడ్డి చూసుకున్నాడు. నాలుగు రాత్రులు ఆయన రెండో గదిలో బియ్యం బస్తాల మధ్య, యాదమ్మ పక్కన, చాప మీద పడుకున్నాడు. అప్పుడు తెలిసింది ఆయన నిద్రలో మాట్లాడతాడని. మాటలు కూడా కావు, ట్ర్ర్ర్ ట్ర్ర్ర్ అని గొర్లను అదిలిస్తాడు, ఏదో గొర్రెను ముద్దుగా తిడతాడు, మళ్లీ గుర్రు పెడతాడు. ముప్పై ఏళ్లుగా ఈ సంగతి గొర్లకు తెలుసు, దొడ్డి కుక్కలకు తెలుసు, తనకు తెలియదు. మొదటి రాత్రి నవ్వొచ్చింది, నాలుగో రాత్రి యాదమ్మ మేలుకుని కూర్చుని వింది, ఇంకా వినాలనిపించింది, రోజూ వినాలనిపించింది. అయిదోనాడు లేచి కర్ర పట్టుకున్నాడు. క్రాంతి అప్పటికే దొడ్డి మీద సోలార్ లైటూ కెమెరా పెట్టించాడు, ఇంట్లో పడుకుని ఫోన్లోనే చూసుకోవచ్చు నాయనా, నువ్వు ఇంటికాడ పండుకో అని బతిమాలాడు. "కెమెరా మొరుగుతదారా?" అన్నాడు ఆయన. క్రాంతి వదల్లేదు. అప్పుడు వాకిట్లో అటు తిరిగి, "ఇంట్ల నాకేం పని. పండుకుందామంటే మంచం గూడ లేదాయె" అని పోయాడు. తప్పించుకోవడానికి అన్న మాటే, యాదమ్మకు తెలియక కాదు. కానీ ఆ మాటను పట్టుకుంది. మంచం లేదంటివి గద, మంచం ఉంటదిక. ఉన్నాక కూడా రాకపోతే? వేపచెక్క మంచం కొని, పరుపు వేసి, దుప్పటి పరిచి, ఆయన ఎప్పట్లాగే అన్నం తిని చెయ్యి కడుక్కుని కర్ర తీసుకుని పోతే? నెల తిరక్కుండా మంచం మీదికి బియ్యం బస్తాలు ఎక్కుతాయి. ముప్పై ఏళ్లలో ఆయన్ని ఒక్కటంటే ఒక్కటి అడగని తను కోరుకున్న ఒక్కటీ అట్లా అయిపోతుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, యాదమ్మ దాన్నే చూస్తూ ఉంది.

"నిద్రపోయారా అమ్మా?" అంటూ సువర్ణ వచ్చింది. యాదమ్మ గబుక్కున లేచి కూర్చుని కొంగు సర్దుకుంది. ఇదే ఖాయం అంది. పరుపుల్లో మెత్తటిది చూపిస్తే చెయ్యి పెట్టి నొక్కి వద్దంది, మునిగిపోయినట్టుంటే ఆయన బెదురుతాడు, కొబ్బరి పీచుదే మేలు, గొంగడి పరిచిన నేలలా గట్టిగా ఉంది. మంచం, పరుపు, కోదాడ నుంచి నడిగూడెం దాకా ట్రాలీ కిరాయి, అన్నీ కలిపి రెండు పొట్టేళ్లలోకి వచ్చేదాకా బేరమాడింది, సువర్ణ తల కొట్టుకుంటూనే ఒప్పుకుంది. దిండ్ల గుట్ట దగ్గర నిలబడి ఒక్కొక్కటీ పిసికి చూస్తుంటే సువర్ణ వెనక నుంచి, పెళ్లి మంచానికి మా తరఫున ఒక అద్దం ఇస్తామమ్మా, గోడకు తగిలించుకునేది, పైన పెళ్లికొడుకు పేరూ పెళ్లికూతురి పేరూ ఎర్ర రేడియం అక్షరాలతో రాయించి ఇస్తాం, పక్క కొట్టు మావారు వీరేందర్‌దే, బండ్లకు స్టిక్కర్లు చేస్తారు, అయిదు నిమిషాల పని అంటూ చెవి మీది పెన్సిలు తీసి, అట్టముక్క పట్టుకుని నిలబడింది. "చెప్పండి. పెళ్లికొడుకు పేరు ముందు."

యాదమ్మకు నోట్లో తడి ఆరిపోయింది. క్రాంతి పేరు చెబుదామా, అల్లుడి పేరు చెబుదామా, అద్దం వద్దందామా అని మూడు అబద్ధాలు ఒకేసారి తోసుకొచ్చాయి. మెట్ల దగ్గర టీవీఎస్ బండి ఆగింది. ఆ బండి చప్పుడు ఎక్కడున్నా తెలుస్తుంది. ఆయన దిగి, హ్యాండిల్‌కు మందు డబ్బాల సంచి తగిలించి, వెనక కట్టిన కర్ర విప్పి చేతిలోకి తీసుకుని, మెట్లెక్కి అద్దాల తలుపు దగ్గర ఆగిపోయాడు. లోపల తెల్ల బండలు తళతళలాడుతున్నాయి, ఆయన చెప్పులకు దొడ్డి బురద. లోపలికి రాకుండా అక్కడి నుంచే, "ఏదీ బీరువా?" అన్నాడు.

"రండి బాబాయ్, సమయానికి వచ్చారు" అంది సువర్ణ. "పెళ్లికొడుకు పేరు చెప్పండి. అమ్మ ఆలోచిస్తూనే ఉన్నారు."

"ఏ పెండ్లికొడుకు?" అన్నాడు ఆయన, యాదమ్మ వైపు చూసి, ఆమె పక్కనున్న డబుల్ కాట్ వైపు చూసి, మళ్లీ ఆమె వైపు చూశాడు.

గడప ఇవతల ఒకరు, అవతల ఒకరు. మధ్యలో పేరు అడిగే మనిషి. ఇప్పుడు గొర్లన్నీ దొడ్లోనే ఉన్నాయి, పెసర చేలో పడ్డాయని ఎవరూ కేకెయ్యరు. యాదమ్మ పెదవులు తడుపుకుంది. సిగ్గుగా ఉంది, ఆ సిగ్గులోనే ఎక్కడ లేని ధైర్యం వచ్చింది.

"రాస్కో బిడ్డా" అంది. "పెండ్లికొడుకు సోమన్న. పెండ్లికూతురు యాదమ్మ."

సువర్ణ పెన్సిలు 'సో' దగ్గరే ఆగింది. ఆమె తలెత్తి ఇద్దర్నీ చూసింది. యాదమ్మ ఇన్నాళ్లూ భయపడ్డ కళ్లవే, ఇక చూడక తప్పదని సూటిగా చూసింది, వాటిలో తను అనుకున్నదేమీ లేదు, నీళ్లూ నవ్వూ ఉన్నాయి. "ముందే చెప్పొచ్చుగా అమ్మా" అని సువర్ణ మళ్లీ వంగి మిగిలిన అక్షరాలు రాసుకుంది.

సోమన్న గుమ్మంలోనే ఉన్నాడు. "పేరు చెప్పినవ్" అన్నాడు చివరికి.

"చెప్పిన."

"త్రివేణి ఇన్నదా?"

"ఫోన్ చేసి చెప్త."

ఆయన కింద తెల్ల బండల వైపు చూశాడు. తర్వాత చెప్పులు విడిచాడు. కర్రను తలుపు పక్కన గోడకు ఆనించాడు, జారిపడబోతే సరిగ్గా నిలబెట్టి, వదిలిపెట్టి లోపలికి వచ్చాడు. మంచం వెన్ను మీద చెయ్యేసి నొక్కాడు. వంగి కాళ్లు చూశాడు. కూర్చున్నాడు, ఎవరూ చెప్పకుండానే వెల్లకిలా పడుకున్నాడు, మడమలు అంచుకు నాలుగు వేళ్లు ఇవతలే ఆగాయి.

"కాళ్లు బయటికి పోతలేవు" అన్నాడు ఫ్యానుతో.

"కొలిచిన గద."

"బొందకనుకుంటి."

యాదమ్మ నవ్వింది గానీ అడగవలసింది ఇంకా గొంతులోనే ఉంది, అది అడగకపోతే ఈ మంచానికి అర్థం లేదు. "మరి గొర్లకాడ?" అంది చిన్నగా.

సోమన్న తలవైపు అర మీద చెయ్యి పెట్టి తడిమాడు, టార్చిలైటు పట్టేంత చోటుందో లేదో చూసుకున్నట్టు. "కుక్కలు మొరుగుతయి. కెమెరా సూస్తది" అన్నాడు. "నేనొక్కన్ని గాడ ఉండి ఏం చేయాలె." తర్వాత మెడ తిప్పి సువర్ణను అడిగాడు. "బిడ్డా, మెత్తలు ఒకటిస్తరా, రెండా?"

యాదమ్మ అప్పటికే రెండు దిండ్లు ఏరి చంకలో పెట్టుకుని ఉంది.